పెట్టెలో దాటుతున్న పురుగుల మాత్ర: కువైట్‌లోని భారత రాయబారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాయబారి గారికి,



రాయచోటిలోనో, రాజంపేటలోనో, రైల్వేకోడూరు పక్క పల్లెలోనో కువైట్ ప్రయాణం పెట్టుకున్న మనిషి పెట్టె సర్దడం ఇంటిల్లిపాదీ చేసే పని. గోంగూర పచ్చడి ఒక సీసా, చెనిక్కాయల పొడి ఒక పొట్లం, కజ్జికాయలు ఒక డబ్బా. ఆపైన బట్టల మడతల మధ్య మందులు. జ్వరానికి పారాసిటమాల్, విరేచనాలకు మెట్రోనిడజోల్, దగ్గుకు సిరప్. వాటితోపాటు, అక్కడ ముందే ఉన్న తమ్ముడో మరదలో ఫోనులో అడిగారని, పురుగుల మాత్రలు. కడుపులో నొప్పిగా ఉంటే వేసుకోవడానికి, ఆకలి కాకపోయినా వేసుకోవడానికి, ఆరు నెలలకోసారి ‘కడుపు శుభ్రం’ చేసుకోవడానికి. ఈ లేఖ ఆ చివరి మందు గురించే.

ఆ మాత్ర పేరు ఆల్బెండజోల్. మన దేశంలో అది షెడ్యూల్ హెచ్ మందు, అంటే డాక్టరు చీటీ చూసి అమ్మాల్సినది. కానీ మన ఊళ్లలో దానికి చీటీ అడిగే దుకాణం అరుదు. కొన్ని రూపాయలకే దొరుకుతుంది, నమిలి మింగితే పని అయిపోతుందని పేరు. ఆ పేరు చాలావరకు న్యాయమైనదే. సరైన మనిషికి, సరైన పురుగుకు, సరైన మోతాదులో ఇచ్చినప్పుడు ఇంత చవకగా ఇంత మేలు చేసే మందులు తక్కువ. ఇబ్బందల్లా ఆ మూడు ‘సరైన’లూ పెట్టెతోపాటు విమానం ఎక్కకపోవడం.

మన పిల్లలకు ఈ మాత్ర ఎలా అందుతుందో ముందు గుర్తు చేసుకోవాలి. 2015 ఫిబ్రవరి 10న జాతీయ నులిపురుగుల నిర్మూలన దినం మొదలైంది. అప్పటి నుంచి 1 నుంచి 19 ఏళ్ల వయసు వారికి బడిలో, అంగన్‌వాడీలో టీచరమ్మ కళ్లెదుట 400 మిల్లీగ్రాముల మాత్ర నమిలిస్తారు. ఏడాది దాటి రెండేళ్లు నిండని పసివాళ్లకు సగం మాత్ర పొడి చేసి నీళ్లలో కలిపి ఇస్తారు. ఒంట్లో బాగా లేని పిల్లలకు ఆ రోజు ఇవ్వరు. వాంతి అయినా, కళ్లు తిరిగినా ఏం చేయాలో ఆశా కార్యకర్తకు తెలుసు. ఆ రోజు రానివాళ్లకు మరో రోజు పెడతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో పురుగుల బెడద ఉన్న పిల్లలు మన దేశంలో 22 కోట్లకు పైగా ఉన్నారు. వాళ్ల కోసం ఇంత ఏర్పాటు ఉంది.

ఇరవై ఏళ్లు నిండాయంటే ఆ ఏర్పాటులోంచి మనిషి బయటపడినట్టే. ఆ తర్వాత పాస్‌పోర్టు, గల్ఫ్ వైద్య పరీక్ష, వీసా, విమానం. కువైట్‌లోని జలీబ్‌లోనో మహబూలాలోనో ఒకే గదిలో అరడజను మంది, ఒకే బాత్రూము. అక్కడ టీచరమ్మ లేదు, ఆశా కార్యకర్త లేదు. ఉన్నదల్లా పెట్టెలోని మాత్రల అట్ట, పక్క మంచం మీది అన్న ఇచ్చే సలహా.

ఆ సలహా ఎక్కడ తప్పుతుందో అర్థం కావాలంటే కువైట్ నేలను ఒకసారి చూడాలి. ఏలికపాము ఆడది రోజుకు 2 లక్షల దాకా గుడ్లు పెడుతుంది. కానీ ఆ గుడ్డు బయటికి వచ్చిన వెంటనే ఎవరికీ అంటదు. తడి ఉన్న వెచ్చని మట్టిలో రెండు మూడు వారాలు పండాలి. కొంకిపురుగు పిల్లకూ అంతే, నీడ పట్టున చెమ్మ మట్టి కావాలి, దాని మీద చెప్పుల్లేని కాలు పడాలి. కోనసీమ కొబ్బరితోటలోనో కోడూరు అరటితోటలోనో అలాంటి మట్టి ఉంటుంది. కువైట్‌లో ఎక్కడిది? 2016 జూలై 21న అక్కడి మిత్రిబాలో 53.9 డిగ్రీల ఎండ నమోదైంది, ఆసియా ఖండంలోనే అది రికార్డు. ఆ ఇసుకలో ఏలికపాము గుడ్డు పండటం కష్టం. కాబట్టి మన వాళ్ల కడుపులో ఈ పురుగులు ఉంటే అవి ఊరి నుంచి వెంట వచ్చినవే అయి ఉంటాయి. ఏలికపాము ఆయుష్షు ఏడాది, మహా అయితే రెండేళ్లు. మూడేళ్లుగా ఊరికి రాని మనిషి కడుపునొప్పికి ఏలికపాము కారణమయ్యే అవకాశం చాలా తక్కువ.

అయినా మాత్ర వేసుకుంటారు. తగ్గకపోతే మరోటి వేసుకుంటారు. నిజానికి ఆ నొప్పి అల్సర్ కావచ్చు, పిత్తాశయంలో రాయి కావచ్చు, సమయానికి తిండి లేక పుట్టిన మంట కావచ్చు. పురుగుల మాత్ర ఇక్కడ చేసే మొదటి కీడు విషం పెట్టడం కాదు. అసలు జబ్బును నెలల తరబడి దాచిపెట్టడం.

అలాగని కువైట్‌లో పురుగులే లేవని కాదు. ఎండకూ ఇసుకకూ లొంగని నాలుగు రకాలు ఉన్నాయి. మన వాళ్లు జాగ్రత్త పడాల్సింది వాటి దగ్గరే, ఆ నాలుగింటికీ ఒక్క మాత్ర వైద్యం సరిపోదు.

మొదటిది చిన్న నులిపురుగు. రాత్రిపూట ఆసనం దగ్గర దురద పెట్టేది ఇదే. దీని గుడ్లకు మట్టితో పని లేదు. గోళ్ల సందుల్లో, దుప్పటి మడతల్లో, తువ్వాలు మీద ఉండి కొన్ని గంటల్లోనే అంటుకోగలవు. రెండు మూడు వారాలు బతుకుతాయి. మాత్ర బతికున్న పురుగును చంపుతుంది, గుడ్డును చంపదు. అందుకే రెండు వారాల తర్వాత రెండో మోతాదు కావాలి. అదీ ఒక్కరికి కాదు, గదిలో ఉన్నవాళ్లందరికీ ఒకేసారి. ఆ రోజే దుప్పట్లు వేడినీళ్లలో ఉతకాలి, గోళ్లు కత్తిరించుకోవాలి. ఆరుగురిలో ఒకరే మాత్ర మింగి ఊరుకుంటే పదిహేను రోజుల్లో మళ్లీ మొదటికి వస్తుంది. ‘ఈ మందు పని చేయదు’ అని మన వాళ్లు అనడానికి చాలాసార్లు ఇదే కారణం.

రెండోది పొట్టి బద్దెపురుగు. అదీ మనిషి నుంచి మనిషికి నేరుగా పాకగలదు. దాన్ని ఒక్క ఆల్బెండజోల్ మాత్ర వదిలించలేదు. ప్రాజిక్వాంటెల్ అనే వేరే మందు కావాలి, అది మనిషి బరువు చూసి ఇవ్వాల్సిన మందు.

మూడో దాని గురించి కొంచెం నిదానంగా చెప్పుకోవాలి.

కువైట్‌లో పంది మాంసం అమ్మరు. పంది మాంసం ద్వారా వచ్చే బద్దెపురుగు అక్కడ ఎవరికీ కొత్తగా పట్టే దారి లేదు. అయినా 2004లో కువైట్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త పి.ఆర్. హీరా బృందం ఒక పరిశోధన పత్రం ప్రచురించింది. కువైట్‌లో సిస్టిసెర్కోసిస్ రోగులున్నారని, బయటి దేశాల నుంచి జబ్బుతో వచ్చినవారే కాక అక్కడే ఉండి జబ్బు తెచ్చుకున్నవారూ ఉన్నారని అందులో తేలింది. సిస్టిసెర్కోసిస్ అంటే ఆ బద్దెపురుగు పిల్లలు కండలో, కంటిలో, మెదడులో నీటి బుడగల్లా గూడు కట్టుకోవడం. ఇది పంది మాంసం తింటే వచ్చేది కాదు. కడుపులో పెద్ద పురుగు ఉన్న మనిషి చేతి నుంచి, కడుక్కోని ఆ చేతితో వండిన తిండి నుంచి గుడ్లు లోపలికి పోతే వస్తుంది. జన్మలో మాంసం ముట్టనివారికి కూడా రావచ్చు. న్యూయార్కులో పంది మాంసం దరిచేరనివ్వని సనాతన యూదు కుటుంబాల్లో 1990 ప్రాంతంలో ఇదే జబ్బు బయటపడితే వైద్యులు తలలు పట్టుకున్నారు. కారణం చివరికి వంటింట్లో దొరికింది. జబ్బు సీమల నుంచి వలస వచ్చిన పనివాళ్ల కడుపులో, వాళ్లకు కూడా తెలియకుండా, పురుగు ఉంది.

ఇక్కడ మాత్ర సంగతి ఎందుకంటే, మెదడులో అలాంటి బుడగలు ఉన్న సంగతి చాలామందికి తెలియదు. ఏళ్ల తరబడి తలనొప్పి, ఎప్పుడో ఒకసారి మూర్ఛ. అలాంటి మనిషి కడుపునొప్పికని ఆల్బెండజోల్ గానీ ప్రాజిక్వాంటెల్ గానీ వేసుకుంటే మందు రక్తంలో కలిసి మెదడు దాకా పోతుంది. బుడగలోని పురుగు చస్తుంది. చచ్చిన పురుగు చుట్టూ మెదడు వాస్తుంది. అప్పుడు ఫిట్స్ రావచ్చు. అందుకే తెలిసిన డాక్టరు ఇలాంటి రోగికి ముందు స్కానింగ్ తీయిస్తారు, వాపు తగ్గించే మందులూ ఫిట్స్ మందులూ జోడించి ఆస్పత్రిలో ఉంచి ఇస్తారు. కంటిలో బుడగ ఉంటే ప్రాజిక్వాంటెల్ అసలే ఇవ్వకూడదు. లారీ నడిపే మనిషికి, పరంజా మీద పనిచేసే మనిషికి, మరుగుతున్న నూనె ముందు నిలబడే వంటమనిషికి ఒక్కసారి ఫిట్స్ వస్తే ఏమవుతుందో తమకు వేరే చెప్పనక్కర్లేదు.

ఇక్కడే తిండి సంగతి కూడా. ఆల్బెండజోల్‌ను మామూలుగా మింగితే చాలావరకు పేగులోనే ఉంటుంది. నూనె, కొవ్వు బాగా ఉన్న భోజనంతో మింగితే రక్తంలోకి దాదాపు ఐదు రెట్లు ఎక్కువ చేరుతుంది. పేగులోని పురుగుకు మందు పేగులో ఉండాలి, మెదడులోని బుడగకు రక్తంలోకి పోవాలి. ఏ జబ్బుకు ఎలా తినాలో డాక్టరు చెప్పేది ఇందుకే. శుక్రవారం సెలవు కదా అని బిర్యానీ తిన్నాక మాత్ర వేసుకున్న మనిషి తనకు తెలియకుండానే మోతాదు మార్చుకుంటున్నాడు.

నాలుగోది అన్నిటికన్నా మొండిది. పేరు స్ట్రాంజిలాయిడిస్, కంటికి ఆననంత సన్నని పురుగు. మిగతా పురుగుల్లో చాలావరకు మనిషి ఒంట్లో పుట్టి అక్కడే పెరిగి సంతానం పెంచుకోలేవు, ఇది పెంచుకోగలదు. కాబట్టి ఊరు వదిలి ఎన్నేళ్లయినా పోదు. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా-థాయిలాండ్ రైలుమార్గం వేయించడానికి జపాను సైన్యం వాడుకున్న యుద్ధఖైదీల్లో, ఇళ్లకు చేరిన నలభై ఏళ్లకు కూడా ఈ పురుగు కనబడింది. హీరా బృందం 2004లోనే దీని మీద కూడా రాసింది. ఈ పురుగు సహజంగా లేని కువైట్‌లో దాన్ని పట్టుకోవడం, నయం చేయడం ఎంత కష్టమో ఆ వ్యాసం చెబుతుంది. ఒక్కసారి మల పరీక్ష చేస్తే చిక్కదు. రక్త పరీక్ష కావాలి, రక్తంలో ఇసినోఫిల్స్ అనే కణాలు ఎందుకు పెరిగాయో అడిగే డాక్టరు కావాలి. ఒక్క మాత్ర ఆల్బెండజోల్‌తో ఇది వదలదు, దీనికి ఐవర్‌మెక్టిన్ కావాలి. 2015లో సతోషి ఒమురాకు, విలియం క్యాంప్‌బెల్‌కు నోబెల్ బహుమతిలో భాగం తెచ్చిపెట్టిన మందు అది.

చాలామందిలో ఈ పురుగు ఏళ్లకేళ్లు పెద్ద గొడవ చేయకుండా పడి ఉంటుంది. స్టెరాయిడ్ మందు పడితే మాత్రం లేస్తుంది. ఒంటి కాపలా సడలగానే లక్షలుగా పెరిగి పేగు గోడ దాటి ఊపిరితిత్తుల్లోకి, రక్తంలోకి పోతుంది. ఆ దశకు చేరితే ప్రాణం దక్కడం కష్టం. కువైట్‌లో ఇసుకగాలికి ఆయాసం వచ్చినా, కీళ్లు పట్టేసినా, ఒంటి మీద దద్దుర్లు లేచినా స్టెరాయిడ్ మాత్రలు వాడాల్సి రావడం మామూలే. కోవిడ్ కాలంలో డెక్సామెథసోన్ విరివిగా వాడినప్పుడు, ఈ పురుగు ఉండే దేశాల నుంచి వచ్చిన రోగులను ముందుగా గుర్తించి ఐవర్‌మెక్టిన్ ఇవ్వాలని వైద్య నిపుణులు సూచించింది ఈ భయంతోనే. కాబట్టి కువైట్‌లో ఉన్న ప్రతి తెలుగు మనిషీ స్టెరాయిడ్ మొదలుపెట్టే ముందు డాక్టరుకు ఒక్క మాట చెప్పాలి: తాను పొలం పనులున్న ఊరి నుంచి వచ్చానని, చెప్పుల్లేకుండా మట్టిలో తిరిగినవాణ్నని.

ఇవి కాక మాత్ర మింగే ముందు చూసుకోవాల్సినవి మరికొన్ని ఉన్నాయి. గర్భం మొదటి మూడు నెలల్లో ఆల్బెండజోల్ వాడకూడదు. గర్భం వచ్చిందేమోనని ఏ కాస్త అనుమానం ఉన్నా పరీక్ష చేయించుకున్నాకే ముట్టుకోవాలి. కాలేయం జబ్బు ఉన్నవాళ్లు డాక్టరుకు చెప్పకుండా వేసుకోకూడదు. ఫిట్స్‌కు వాడే ఫెనిటాయిన్, కార్బమజపీన్ దీని బలాన్ని తగ్గిస్తాయి, ఎసిడిటీకి వాడే సిమెటిడిన్ పెంచుతుంది. ఒక్క మోతాదుకు మామూలుగా వచ్చేవి కాస్త కడుపునొప్పి, వికారం, తలనొప్పి, అవి ఒకటి రెండు రోజుల్లో పోతాయి. హైడాటిడ్ తిత్తి లాంటి జబ్బులకు ఇదే మందును రోజుకు రెండుసార్లు, 28 రోజుల చొప్పున వాడతారు. అప్పుడు తెల్ల రక్తకణాలు పడిపోవచ్చు, కాలేయం దెబ్బతినవచ్చు. అందుకే రెండు వారాలకోసారి రక్త పరీక్ష చేస్తారు. ఎవరికో రాసిన ఆ చీటీని చూసి మరొకరు నెల రోజులు వాడటం నిప్పుతో చెలగాటం.

మాత్ర సరిగ్గా పడినా అన్ని పురుగులకూ ఒకేలా పని చేయదు. ఒక్క మోతాదుకు ఏలికపాములు నూటికి 95 మందిలో పోతాయి, కొంకిపురుగు 80 మందిలో పోతుంది, కొరడాపురుగు మాత్రం 30 మందిలోనే. కొంకిపురుగు ఒక్కొక్కటీ రోజూ కొద్ది కొద్దిగా రక్తం పీలుస్తుంది. పురుగు పోయినా పోయిన రక్తం మాత్రతో తిరిగి రాదు, ఇనుము మాత్రలు నెలల తరబడి వాడాలి. మెట్లెక్కితే ఆయాసం వస్తోందనే మనిషికి కావలసింది రెండో పురుగుల మాత్ర కాదు, హిమోగ్లోబిన్ పరీక్ష.

ఎడారిలో గొర్రెలు, మేకలు, ఒంటెలు కాసే మన వాళ్ల సంగతి ఇంకా కష్టం. దవాఖానా దూరం, దగ్గర ఉన్నది పశువుల మందు. ‘నట్టల మందే కదా, గొర్రెకు పోసేది మనిషికి పనికిరాదా’ అనే ఆలోచన రావడం సహజం. పనికిరాదు. ఆ సీసాలో మందు గాఢత పశువు బరువుకు కట్టిన లెక్క. అందులో కలిపిన మిగతా పదార్థాలు మనిషికి పరీక్షించినవి కావు. పైగా కాపలా కుక్కల నుంచి వచ్చే హైడాటిడ్ జబ్బు ముప్పు మందల దగ్గర పనిచేసేవాళ్లకే ఎక్కువ. దాన్ని సొంత వైద్యం తాకను కూడా తాకదు. మరో పాఠం కూడా ఆ మందలోనే ఉంది. అడ్డూ అదుపూ లేకుండా ఏళ్ల తరబడి వాడటం వల్ల గొర్రెల కడుపులోని పురుగులు ఈ జాతి మందులకు లొంగడం మానేశాయి. ప్రపంచమంతా పశువైద్యులు ఇప్పుడు ఆ తలనొప్పి పడుతున్నారు.

వలస వెళ్లిన తెలుగువాడికి పురుగుల మందు ముప్పు కావడం కొత్త కాదు. నూరేళ్లకు ముందు ఫిజీ చెరకు తోటలకు మద్రాసు రేవు నుంచి వెళ్లినవారిలో తెలుగువారూ ఉన్నారు. అక్కడ 1920లలో డాక్టర్ ఎస్.ఎం. లాంబర్ట్ కొంకిపురుగు మీద యుద్ధం ప్రకటించి వేలాది మందికి కార్బన్ టెట్రాక్లోరైడ్ తాగించారు. పురుగులు పోయాయి. కానీ ఆ మందు కాలేయాన్ని కాల్చేది. మద్యం అలవాటున్నవారికి, ముందే నీరసించినవారికి అది ప్రాణాంతకమైన సందర్భాలు వివిధ దేశాల్లో నమోదయ్యాయి. అంతకుముందు వాడిన చీనోపోడియం నూనె కథా అంతే. ఆల్బెండజోల్ ఆ విషాలతో పోల్చదగినది కాదు, ఎన్నో రెట్లు మేలైనది. అయితే నాటి కూలీకి ఎంచుకునే వీలు లేదు, తెలుసుకునే దారి లేదు. నేటి కార్మికుడికి ఆ రెండూ ఉండాలి.

మరి మన వాళ్లు డాక్టరు దగ్గరికి ఎందుకు వెళ్లరు? బద్ధకం అనుకుంటే పొరపాటు. 2022 డిసెంబరులో కువైట్ ఆరోగ్య శాఖ విదేశీయులకు ప్రాథమిక క్లినిక్కుల్లో చూపించుకునే 2 దీనార్లు కాక మందులకు మరో 5 దీనార్లు విధించింది. మొత్తం 7 దీనార్లు, మన లెక్కలో దాదాపు రెండు వేల రూపాయలు. ఇంటికి పంపే డబ్బు రూపాయి రూపాయి లెక్కేసుకునే మనిషికి ఊరి నుంచి వచ్చే అయిదారు రూపాయల మాత్ర ముందు అది కొండంత కనిపిస్తుంది. గోదావరి జిల్లాల నుంచి, కడప సీమ నుంచి ఖద్దామాలుగా, అంటే ఇంటి పనివారిగా, వెళ్లిన ఆడవాళ్లకు ఇంకో రకం గోడ ఉంది. 2015 నాటి 68వ చట్టం ప్రకారం ఇంటి పనివారి వైద్యం భారం యజమానిదే. కాని ఆ మాట ‘మామా’ (యజమానురాలు) ముందు ఎలా ఎత్తాలి? ‘నా కడుపులో పురుగులున్నాయి’ అని అరబ్బీలో ఎలా చెప్పాలి? చెబితే వంటింట్లోకి రానిస్తారా? పనిలోంచి తీసేసి ఇంటికి పంపేస్తే ఏజెంటు అప్పు ఎవరు తీరుస్తారు? ఆ భయం ముందు పెట్టెలోని మాత్రే ఆమెకు దిక్కు. నిజానికి ఆ ఇంటి పిల్లల క్షేమానికి కూడా ఆమె ధైర్యంగా పరీక్ష చేయించుకోవడమే మేలు. జబ్బు పేరుతో ఆమెను వెలేస్తే జబ్బు దాక్కుంటుంది, దాక్కున్న జబ్బే ఇంట్లోవాళ్లకు అంటుతుంది.

రాయబారి గారూ, ఈ పనిలో కోరేవి పెద్ద ఖర్చున్నవి కావు.

ఒకటి. గల్ఫ్ ప్రయాణానికి ముందు చేసే ‘గామ్కా’ పేరుతో వాడుకలో ఉన్న వైద్య పరీక్షలో మల పరీక్ష ఉంది. దాని ఫలితం ఇప్పుడు ‘ఫిట్’, ‘అన్‌ఫిట్’ అనే రెండు మాటల్లో ముగుస్తోంది. ఏ పురుగు కనబడింది, ఏ మందు ఏ తేదీన ఇచ్చారు అన్నది తెలుగులో ఒక చీటీగా మనిషి చేతికి ఇచ్చేలా ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలతో మాట్లాడాలి. కువైట్‌లో డాక్టరుకు ఆ చీటీ సగం కథ చెబుతుంది.

రెండు. విదేశాంగ శాఖ 2018 నుంచి కార్మికులకు ప్రయాణానికి ముందు శిక్షణ ఇస్తోంది. చట్టాలు, కఫీల్ (స్పాన్సరు), అకామా (నివాస అనుమతి) గురించి చెప్పే ఆ తరగతిలో మందుల గురించి అరగంట కేటాయించాలి. ఏ మందు వెంట తీసుకెళ్లవచ్చు, డాక్టరు చీటీ ఎందుకు జత చేయాలి, ఎవరో ఇచ్చిన మందుల పార్శిల్ ఎందుకు మోయకూడదు అన్నవి కూడా అక్కడే చెప్పాలి.

మూడు. రాయబార కార్యాలయం, ఇండియన్ డాక్టర్స్ ఫోరమ్, తెలుగు కళా సమితి లాంటి సంఘాలు కలిసి ఒక పేజీ తెలుగు కరపత్రం తేవాలి. మాలియాలో శుక్రవారం మన వాళ్లు గుమిగూడే చోట, తెలుగు హోటళ్లలో, డబ్బు పంపే ఎక్స్ఛేంజీల దగ్గర అది అందాలి. చదవలేనివారికి అదే సంగతి రెండు నిమిషాల వాయిస్ మెసేజ్‌గా వాట్సాప్‌లో పోవాలి. కరపత్రం వెనుక వైపు అరబ్బీలో కొన్ని వాక్యాలుండాలి: రెండు వారాలుగా కడుపునొప్పి, నాకు ఫిట్స్ వచ్చాయి, నేను గర్భిణిని, నేను ఈ మందు వేసుకున్నాను. ఆ వాక్యాల మీద వేలు పెట్టి చూపిస్తే చాలు, భాష రాని మనిషికి వైద్యం దొరుకుతుంది.

నాలుగు. రాయబార కార్యాలయం ఆశ్రయంలో ఉండే మహిళలకు, లేబర్ క్యాంపుల్లో పెట్టే వైద్య శిబిరాలకు వచ్చేవారికి హిమోగ్లోబిన్, ఇసినోఫిల్స్ పరీక్షలు, అవసరమైనవారికి వేర్వేరు రోజుల్లో మూడుసార్లు మల పరీక్ష చేయించాలి. అందరికీ తలా ఒక మాత్ర పంచి ఫొటో దిగే శిబిరం మాత్రం వద్దు. పిల్లల కోసం, పురుగుల బెడద ఎక్కువున్న ఊళ్ల కోసం రూపొందించిన పద్ధతి అది. ఏ ఊరి నుంచి ఎప్పుడు వచ్చారో, ఏ జబ్బులున్నాయో తెలియని పెద్దవాళ్ల గుంపుకు అది సరిపోదు. ఫలితాలు రోగికి తప్ప యజమానికి చెప్పకూడదు.

తమ కార్యాలయం తలచుకుంటే పని జరుగుతుందనడానికి నిదర్శనం దూరంలో లేదు. 2024 జూలైలో ఎడారిలో జీవాలు కాస్తూ నలిగిపోయిన అన్నమయ్య జిల్లా కార్మికుడు ఒకరు ఏడుస్తూ వీడియో పెట్టారు. మంత్రి నారా లోకేశ్ స్పందించారు, రాయబార కార్యాలయం ఆయన జాడ పట్టింది, కొన్ని రోజుల్లోనే ఆయన ఇంటికి చేరారు. మెదడులో బుడగతో, రక్తహీనతతో ఉన్న మనిషి వీడియో పెట్టడు, ఎందుకంటే తనకున్నది ఆ జబ్బని అతనికే తెలియదు. అతని తరఫున ముందే కదలాల్సింది కార్యాలయమే.

ఈ లేఖ చదివే కువైట్ తెలుగువారికి కూడా ఒక మనవి. ఇప్పుడే మంచం కింది పెట్టె తెరిచి చూడండి. మాత్రల అట్ట మీద గడువు తేదీ దాటి ఉంటే పారేయండి. దాటకపోయినా ఊహ మీద వేసుకోకండి. ఫిట్స్, ఎంతకూ తగ్గని తలనొప్పి, కామెర్లు, గర్భం, స్టెరాయిడ్ మందులు, ఈ అయిదింటిలో ఏ ఒక్కటి ఉన్నా డాక్టరు చూడకుండా పురుగుల మాత్ర ముట్టుకోకండి. మాత్ర వేసుకున్నాక ఫిట్స్ వచ్చినా, చూపు మసకబారినా, ఒంటి మీద దద్దుర్లతో ఊపిరి ఆడకపోయినా 112కు ఫోను చేయండి, మాత్రల అట్ట వెంట తీసుకెళ్లండి. మలంలో పురుగు కనబడితే సిగ్గుపడకుండా ఫోనులో ఫొటో తీసి డాక్టరుకు చూపించండి. ఏ మందు అవసరమో తేల్చడానికి అది ఎంతో సాయపడుతుంది.

రాయబారి గారూ, వచ్చే ఫిబ్రవరి 10న మన ఊళ్లలో కోట్ల మంది పిల్లలు టీచరమ్మ ముందు నిలబడి ఆ మాత్ర నములుతారు. ఆ పిల్లల్లో ఎందరి అమ్మానాన్నలో ఆ రోజు కువైట్‌లో ఉంటారు. ఆ తేదీ నాటికి ఒక్క పేజీ తెలుగు కరపత్రమైనా వాళ్ల చేతికి అందేలా చూడమని ప్రార్థన.

ఇట్లు,
కువైట్ తెలుగువారి ఆరోగ్యం కోరే ఒక పత్రికా రచయిత